చెస్ట్‌నట్ సూప్: పేరుకే నట్.. లోపలంతా పిండే! ఇంట్లో చిక్కగా, క్రీమీగా చేయడం ఎలా? పార్కులో దొరికే ఆ కాయతో మాత్రం జాగ్రత్త

నవంబర్, డిసెంబర్ వచ్చిందంటే చాలు.. అమెరికా, యూరప్ సూపర్ మార్కెట్లలో ముదురు గోధుమ రంగులో నిగనిగలాడే కాయలు గుట్టలుగా కనిపిస్తాయి. అవే చెస్ట్‌నట్లు. రోడ్డు పక్కన బొగ్గుల మీద కాల్చి, కాగితం పొట్లంలో పోసి అమ్ముతుంటారు. క్రిస్మస్ విందుల్లో వీటితో చేసే సూప్‌కి ప్రత్యేక స్థానం ఉంది. చిక్కగా, వెన్నలా జారుతూ, కాస్త తియ్యగా ఉండే ఆ సూప్ రెస్టారెంట్‌లో తాగినవాళ్లు ‘ఎంత క్రీమ్ పోశారో’ అనుకుంటారు. నిజానికి ఆ చిక్కదనంలో క్రీమ్ పాత్ర చాలా తక్కువ. అసలు కథంతా చెస్ట్‌నట్‌దే.

అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు వీటిని చూస్తూనే ఉంటాయి కానీ కొనాలంటే సందేహం. ఎలా వలవాలి? పచ్చిగా తినొచ్చా? బాదంలాగే మంచిదా? షుగర్ ఉన్నవాళ్లు తీసుకోవచ్చా? వీటన్నింటికీ సమాధానం ఒక్క విషయం అర్థమైతే దొరికిపోతుంది. పేరులో నట్ ఉన్నా.. గుణంలో ఇది దుంపకి దగ్గర. అదెలాగో, ఇంట్లో సూప్ ఎలా చేయాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఇప్పుడు చూద్దాం.

ముఖ్యాంశాలు

* చెస్ట్‌నట్‌లో నూనె చాలా తక్కువ, పిండిపదార్థం ఎక్కువ. సూప్ చిక్కబడేది దానివల్లే.
* పార్కుల్లో రాలి పడే ‘హార్స్ చెస్ట్‌నట్’ చూడటానికి ఇలాగే ఉంటుంది. కానీ అది విషం.
* గాటు పెట్టకుండా వేడి చేస్తే కాయ పేలుతుంది.
* తొక్క వేడి మీదే తీయాలి. చల్లారితే రాదు.
* షుగర్ ఉన్నవాళ్లు దీన్ని నట్‌లా కాదు, అన్నంలా లెక్కేసుకోవాలి.

అసలేంటీ చెస్ట్‌నట్?

జీడిపప్పు, బాదం, వాల్‌నట్.. వీటన్నింటిలో నూనె దండిగా ఉంటుంది. 100 గ్రాముల బాదంలో దాదాపు 50 గ్రాములు కొవ్వే. అదే 100 గ్రాముల పచ్చి చెస్ట్‌నట్‌లో కొవ్వు 2 గ్రాములకు కాస్త ఎక్కువ, అంతే. దాదాపు సగం బరువు నీళ్లు. మిగిలిన దాంట్లో చాలావరకు, అంటే సుమారు 45 గ్రాములు పిండిపదార్థం. అందుకే ఇది పటపటా కొరికి తినే గింజ కాదు. ఉడికించినా, కాల్చినా చిలగడదుంపలా మెత్తగా, పొడిపొడిగా విరుగుతుంది.

రుచి ఎలా ఉంటుందో ఊహించుకోవాలంటే మనవాళ్లకి ఒక తేలిక దారి ఉంది. పనస పిక్కలు ఉడకబెట్టుకునో, నిప్పుల్లో కాల్చుకునో తిన్నారా? చెస్ట్‌నట్ కూడా అదే దారిలో ఉంటుంది. కాకపోతే ఇంకొంచెం తియ్యగా, మరింత మెత్తగా ఉంటుంది.

ఇక్కడ ఇంకో గందరగోళం కూడా ఉంది. హైదరాబాద్‌లో బండ్ల మీద అమ్మే సింగాడాలని ఇంగ్లిష్‌లో వాటర్ చెస్ట్‌నట్ అంటారు. చైనీస్ వంటల్లో వేసే డబ్బా వాటర్ చెస్ట్‌నట్ ఇంకోటి. ఈ రెండూ నీళ్లలో పెరిగే మొక్కల నుంచి వచ్చేవే. చెస్ట్‌నట్ మాత్రం పెద్ద చెట్టుకి కాస్తుంది. పేరు కలిసింది కదా అని ఆ డబ్బా తెచ్చి సూప్ చేస్తే కుదరదు. చైనీస్ వాటర్ చెస్ట్‌నట్ ఎంత ఉడికించినా కరకరలాడుతూనే ఉంటుంది.

హెచ్చరిక: ఈ రెండూ ఒకటి కాదు!

వంటలోకి వెళ్లే ముందు చదవాల్సిన భాగం ఇదే. అమెరికా, యూరప్‌లలో అక్టోబర్ వచ్చేసరికి పార్కుల్లో, వీధుల్లో గోధుమ రంగు కాయలు రాలిపడి ఉంటాయి. పిల్లలు జేబుల నిండా ఏరుకొస్తారు. వాటిలో చాలావరకు హార్స్ చెస్ట్‌నట్లు. తినే చెస్ట్‌నట్‌కీ దీనికీ చుట్టరికం కూడా లేదు. పూర్తిగా వేరే జాతి. దీనిలో ఉండే ఎస్క్యులిన్, సాపోనిన్ లాంటి రసాయనాల వల్ల కడుపునొప్పి, వాంతులు వస్తాయి. ఎక్కువగా తింటే పరిస్థితి ఇంకా ప్రమాదకరంగా మారొచ్చు. ఉడకబెడితే విషం పోతుందిలే అనుకోవద్దు. మామూలుగా ఇంట్లో ఉడికించినా, కాల్చినా అది తినడానికి పనికిరాదు.

ఫ్రాన్స్‌లో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. అక్కడ తినే పెద్ద చెస్ట్‌నట్‌ని ‘మారోన్’ అంటారు. విషపు కాయ పేరు ‘మారోన్ దాంద్’. అంటే ఇండియా మారోన్ అని అర్థం. ఆ చెట్టు సొంతూరు బాల్కన్ ప్రాంతం అయినా పేరు మాత్రం మన దేశానిది తగిలించారు. పేర్లు కలవడంతో పొరపాటున తినేవాళ్లు ఉండటంతో ఆ దేశ ఆహార భద్రత సంస్థ ‘అన్సెస్’ ప్రజలకు హెచ్చరికలు కూడా జారీ చేసింది.

మరి తేడా కనిపెట్టేదెలా?

* పై కవచం: తినే చెస్ట్‌నట్ కవచం నిండా సన్నటి ముళ్లు దట్టంగా ఉంటాయి. చేత్తో పట్టుకోలేం. హార్స్ చెస్ట్‌నట్ కవచం పచ్చగా, మందంగా ఉండి అక్కడక్కడా మాత్రమే పొట్టి ముళ్లు ఉంటాయి.
* కాయలు: తినే రకంలో ఒక కవచంలో సాధారణంగా రెండు, మూడు కాయలుంటాయి. అందుకే ఒక పక్క బల్లపరుపుగా ఉంటుంది. హార్స్ చెస్ట్‌నట్‌లో ఎక్కువగా ఒక్కటే ఉంటుంది. గుండ్రంగా ఉంటుంది.
* కొన: తినే చెస్ట్‌నట్‌కి పైన మొనదేలి, చిన్న తోకలాంటి కుచ్చు ఉంటుంది. హార్స్ చెస్ట్‌నట్ నున్నగా ఉంటుంది. మొన ఉండదు.
* ఆకు: తినే రకానిది పొడవాటి ఒంటరి ఆకు, అంచుల్లో రంపపు పళ్లు. హార్స్ చెస్ట్‌నట్ ఆకు చెయ్యి చాపినట్టు ఐదు నుంచి ఏడు భాగాలుగా విచ్చుకుని ఉంటుంది.

ఈ గుర్తులు తెలిసినా సరే.. అనుభవం లేకుండా ఏరుకొచ్చి వండుకోవద్దు. దుకాణంలో ఆహారంగా అమ్మేవే కొనండి. కశ్మీర్, హిమాచల్ వైపు టూర్‌కి వెళ్లే మనవాళ్లకీ ఇదే మాట. హిమాలయాల్లో హార్స్ చెస్ట్‌నట్‌లోనే మన దేశపు రకం ఒకటి పెరుగుతుంది. ఎవరైనా పొరపాటున తింటే సొంతంగా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే డాక్టర్‌ని సంప్రదించాలి. అమెరికాలో ఉన్నవాళ్లు పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222కి కాల్ చేయొచ్చు. మనిషి స్పృహ తప్పినా, ఊపిరి ఆడకపోయినా నేరుగా 911కే చేయాలి.

పేదోళ్ల తిండి నుంచి పండగ విందు దాకా

ఇప్పుడంటే చెస్ట్‌నట్ సూప్ ఖరీదైన వంటకం అయ్యింది కానీ.. దాని పుట్టుక వేరు. దక్షిణ యూరప్‌లోని కొండ ప్రాంతాల్లో గోధుమ సరిగ్గా పండేది కాదు. అక్కడి జనానికి చెస్ట్‌నట్టే ఆధారం. ఫ్రాన్స్‌లోని సెవెన్ కొండల్లో దీన్ని ‘రొట్టె చెట్టు’ అని పిలిచేవారు. కాయల్ని ప్రత్యేకంగా కట్టిన చిన్న రాతి గదుల్లో పొగ మీద ఎండబెట్టి, చలికాలమంతా వాడుకునేవారు. ఆ ఎండు చెస్ట్‌నట్లని నానబెట్టి, ఉడికించి చేసుకునే సూప్ పేరు ‘బజానా’. క్రీమ్, వెన్న ఏమీ లేని పేదింటి వంట అది. కోర్సికా దీవిలో అయితే చెస్ట్‌నట్ పిండితో సంకటిలాంటిది వండుకుంటారు. మన రాయలసీమలో రాగి సంకటి ఎలాగో అక్కడ అది అలా అన్నమాట.

అమెరికా కథ ఇంకోలా ఉంది. ఒకప్పుడు తూర్పు అమెరికా అడవుల నిండా చెస్ట్‌నట్ చెట్లే. 1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో ఆ చెట్లకి ఒక శిలీంధ్ర తెగులు కనిపించింది. ఆసియా నుంచి తెచ్చిన మొక్కలతో వచ్చిన తెగులు అది. 50 ఏళ్లు తిరిగేసరికి 300 నుంచి 400 కోట్ల చెట్లు పోయాయని అంచనా. అందుకే ఇవాళ అమెరికా దుకాణాల్లో కనిపించే చెస్ట్‌నట్లలో ఎక్కువభాగం ఇటలీ లాంటి దేశాల నుంచి దిగుమతి అయినవే. ధర ఎక్కువగా ఉండటానికి అదీ ఒక కారణం. ప్రపంచంలో అత్యధికంగా పండించే దేశం మాత్రం చైనా.

కొనేటప్పుడు ఇవి చూడండి

చెస్ట్‌నట్ దుంపలాంటిదని చెప్పుకున్నాం కదా. నిల్వ విషయంలోనూ అంతే. బాదంలా డబ్బాలో పోసి నెలల తరబడి వంటింట్లో పెడతానంటే కుదరదు. లోపల నీళ్లు ఎక్కువ కాబట్టి బయట పెడితే ఎండిపోవడమో, బూజు పట్టడమో జరుగుతుంది.

* చేతిలోకి తీసుకుంటే బరువుగా, గట్టిగా ఉండాలి. నొక్కితే లోపలికి పోతే అది ఎండిపోయినట్టే.
* ఊపితే లోపల గలగలమంటే వద్దు.
* పైన చిన్న రంధ్రం కనిపిస్తే పురుగు ఉన్నట్టే లెక్క.
* ఇంటికి తెచ్చాక గాలి ఆడే సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. రెండు వారాల్లోపు వాడేయడం మంచిది. చల్లటి చోట కొన్ని రోజులు ఉంటే లోపలి పిండి కొంత చక్కెరగా మారి రుచి పెరుగుతుంది.
* కోసినప్పుడు లోపల ఆకుపచ్చగా, నల్లగా బూజు కనిపిస్తే ఆ కాయ మొత్తం పారేయండి. పాడైన ముక్క తీసేసి మిగతాది వాడొద్దు.

వలిచే ఓపిక లేనివాళ్లకి ఉడికించి, తొక్క తీసి, గాలి లేకుండా ప్యాక్ చేసినవి దొరుకుతాయి. సూప్‌కి అవి భేషుగ్గా పనికొస్తాయి. మన దగ్గర కూడా పెద్ద నగరాల్లోని కొన్ని సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో ఇలాంటి దిగుమతి ప్యాకెట్లు అప్పుడప్పుడు కనిపిస్తాయి. అయితే లేబుల్ తప్పకుండా చదవండి. ‘క్రెమ్ ద మారోన్’ అని రాసి ఉన్న డబ్బాలో ఉండేది చక్కెర కలిపిన తీపి పేస్ట్. కేకుల్లోకి వాడేది. దానితో సూప్ చేస్తే పాయసం అవుతుంది. సూప్‌కి చక్కెర లేని రకమే కావాలి.

తొక్క తీయడం: ఇక్కడే చాలామంది ఆగిపోతారు

చెస్ట్‌నట్‌కి రెండు తొక్కలుంటాయి. పైది తోలులా గట్టిగా ఉంటుంది. లోపల పప్పుకి అంటుకుని పలుచటి పొర ఇంకోటి. ఆ పొర వగరుగా ఉంటుంది. అది మిగిలిపోతే సూప్ మొత్తానికి ఆ వగరు పడుతుంది. రెండూ తీయాల్సిందే.

1. కాయల్ని కడిగి, గోరువెచ్చటి నీళ్లలో 15 నుంచి 20 నిమిషాలు నానబెట్టండి. తొక్క మెత్తబడి కత్తి జారకుండా ఉంటుంది.
2. బల్లపరుపు పక్కని కింద పెట్టి, ఉబ్బెత్తుగా ఉన్న పక్క మీద అడ్డంగా ఒక పొడవైన గాటు పెట్టండి. రెండు తొక్కలూ తెగాలి. ఈ గాటు ఎందుకంటే.. వేడికి లోపలి నీళ్లు ఆవిరై బయటికి దారి వెతుకుతాయి. దారి లేకపోతే కాయ పేలుతుంది. ఓవెన్ అయినా, మైక్రోవేవ్ అయినా గాటు లేని కాయ పెట్టొద్దు.
3. గిన్నెలో నీళ్లు మరిగించి 12 నుంచి 15 నిమిషాలు ఉడికించండి. కాల్చిన వాసన కావాలంటే ఓవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ వద్ద 20 నుంచి 25 నిమిషాలు ఉంచండి. కుక్కర్‌లో అయితే మునిగేంత నీళ్లు పోసి రెండు విజిల్స్ చాలు. ప్రెషర్ పూర్తిగా దిగాకే మూత తీయాలి.
4. ఓవెన్‌లో కాల్చినవైతే మందపాటి గుడ్డలో మూటగట్టి ఐదారు నిమిషాలు ఉంచండి. లోపలి ఆవిరికి పొర వదులవుతుంది. ఉడికించినవైతే నాలుగైదు చొప్పున మాత్రమే వేడినీళ్లలోంచి తీయండి.
5. చెయ్యి పట్టగలిగేంత వేడి ఉండగానే వలిచేయండి. చల్లారితే లోపలి పొర పప్పుకి గట్టిగా అతుక్కుపోతుంది. అలా అయితే మళ్లీ ఒక నిమిషం వేడినీళ్లలో వేసి తీయండి.

వలిచేటప్పుడు ముక్కలైపోయినా బాధపడక్కర్లేదు. ఎలాగూ మిక్సీ పట్టేదే కదా!

కావాల్సిన పదార్థాలు (నలుగురికి)

* వలిచిన చెస్ట్‌నట్లు: 400 గ్రాములు (తొక్కతో కొంటే 600 గ్రాములు)
* వెన్న: 2 టేబుల్ స్పూన్లు
* ఉల్లిపాయ: మధ్యస్థంగా ఉన్నది 1
* క్యారెట్: చిన్నది 1
* సెలరీ కాడ: 1 (లేకపోయినా పర్లేదు)
* వెల్లుల్లి: 2 రెబ్బలు
* థైమ్: 2 రెమ్మలు
* బే లీఫ్: 1
* ఉప్పు తక్కువున్న వెజిటబుల్ స్టాక్ లేదా చికెన్ స్టాక్: 1 లీటర్
* ఫ్రెష్ క్రీమ్: 100 మిల్లీలీటర్లు
* నిమ్మరసం: 1 టీ స్పూన్
* జాజికాయ పొడి: చిటికెడు
* ఉప్పు, మిరియాల పొడి: రుచికి సరిపడా

థైమ్ దొరక్కపోతే కంగారొద్దు. వాములో ఉండే థైమాల్ అనే పదార్థమే థైమ్‌కీ ఆ వాసన ఇస్తుంది. కాబట్టి చిటికెడు వాము నలిపి వేస్తే దగ్గరి రుచి వస్తుంది. అంతకు మించితే మాత్రం మురుకుల వాసన వస్తుంది. మన బిర్యానీ ఆకుది దాల్చినచెక్క తరహా వాసన కాబట్టి బే లీఫ్ బదులు అది వేస్తే సగం ఆకు సరిపోతుంది.

తయారీ విధానం

స్టెప్ 1: అడుగు మందంగా ఉన్న గిన్నెలో వెన్న కరిగించి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ వేయండి. చిటికెడు ఉప్పు వేసి చిన్న మంట మీద 8 నుంచి 10 నిమిషాలు మగ్గనివ్వండి. కూరకి వేయించినట్టు ఎర్రగా చేయొద్దు. రంగు మారకుండా మెత్తబడితే చాలు. ఎర్రగా వేగితే సూప్ రంగు ముదిరిపోతుంది, చెస్ట్‌నట్ సున్నితమైన తీపి వెనక్కి పోతుంది.

స్టెప్ 2: వెల్లుల్లి వేసి పచ్చివాసన పోయాక చెస్ట్‌నట్లు వేసి రెండు, మూడు నిమిషాలు కలపండి. పైన చల్లుకోవడానికి నాలుగైదు చెస్ట్‌నట్లు పక్కన పెట్టుకోండి.

స్టెప్ 3: స్టాక్ పోసి థైమ్, బే లీఫ్ వేయండి. ఒక పొంగు వచ్చాక మంట తగ్గించి మూత పెట్టండి. ప్యాకెట్ చెస్ట్‌నట్లయితే 20 నిమిషాలు, ఇంట్లో వలిచినవైతే 30 నుంచి 35 నిమిషాలు పడుతుంది. టైమ్ కంటే గరిటె పరీక్ష నమ్మకమైనది. ఒక చెస్ట్‌నట్‌ని గిన్నె అంచుకి ఆనించి గరిటెతో నొక్కితే పప్పు మెదిగినట్టు మెదగాలి. మధ్యలో గట్టి పలుకు తగిలితే ఇంకా ఉడకాలి.

స్టెప్ 4: ఆకు, థైమ్ కాడలు తీసేసి మిక్సీ పట్టాలి. ఇక్కడ తొందర అస్సలు పనికిరాదు. సూప్ మరుగుతుండగానే మిక్సీ జార్ నిండా పోసి మూత బిగిస్తే, లోపలి ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి వేడి సూప్ మీద పడుతుంది. 10 నిమిషాలు ఆరనివ్వండి. జార్ సగానికి మించి పోయకండి. మూత మధ్యలోని చిన్న బిళ్ల తీసి, దాని మీద మడతపెట్టిన గుడ్డ అదిమి పట్టుకుని తక్కువ స్పీడ్‌లో మొదలుపెట్టండి. హ్యాండ్ బ్లెండర్ ఉంటే గిన్నెలోనే తిప్పేయొచ్చు. అది ఇంకా సేఫ్.

స్టెప్ 5: సన్నటి జల్లెడ గుండా వడకడితే మిగిలిపోయిన పొర ముక్కలు ఆగిపోతాయి. హోటల్ సూప్‌కీ ఇంటి సూప్‌కీ తేడా చాలావరకు ఈ వడకట్టడంలోనే ఉంటుంది.

స్టెప్ 6: మళ్లీ చిన్న మంట మీద పెట్టి క్రీమ్ పోసి కలపండి. వేడెక్కితే చాలు, మరిగించక్కర్లేదు. ఉప్పు, మిరియాల పొడి, జాజికాయ వేసి, స్టవ్ ఆపేశాక నిమ్మరసం కలపండి. చెస్ట్‌నట్ తీపి, వెన్న కమ్మదనం కలిసి రెండు గరిటెలు తాగేసరికి మొహం మొత్తే అవకాశం ఉంది. ఆ ఒక్క స్పూన్ నిమ్మరసం దాన్ని సరిచేస్తుంది.

పక్కన పెట్టిన చెస్ట్‌నట్లని చిన్న ముక్కలు చేసి కొద్దిగా వెన్నలో కరకరలాడేలా వేయించి పైన చల్లండి. పుట్టగొడుగుల ముక్కలు వేయించి వేసినా బాగుంటుంది. టోస్ట్ చేసిన బ్రెడ్‌తో వేడివేడిగా వడ్డించండి. గరం మసాలా, కారం వేయాలనిపిస్తే మాత్రం ఒక్కసారి ఆగండి. వాటి ఘాటు ముందు చెస్ట్‌నట్ రుచి అసలు తెలియదు. ఘాటు కావాలంటే మిరియాల దగ్గరే ఆపేయడం మంచిది.

క్రీమ్ తక్కువైనా ఇంత చిక్కగా ఎలా?

చెస్ట్‌నట్ లోపలి పిండి రేణువులు వేడినీళ్లలో నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. మిక్సీలో మెత్తగా తిరిగేసరికి అవి స్టాక్ మొత్తంలో పరుచుకుని దాన్ని చిక్కబరుస్తాయి. అంబలి, గంజి కాచినప్పుడు జరిగేదీ ఇదే. కార్న్‌ఫ్లోర్, మైదా కలపాల్సిన పనే లేదు. కాబట్టి పాలు, క్రీమ్ పడనివాళ్లు వెన్న బదులు ఆలివ్ ఆయిల్ వాడి, క్రీమ్ పూర్తిగా మానేసినా చిక్కదనం ఎక్కడికీ పోదు. కాస్త నునుపు తగ్గుతుంది, అంతే.

సూప్ సరిగ్గా రాకపోతే కారణం కూడా సాధారణంగా ఇక్కడే దొరుకుతుంది.

* నాలుకకి రవ్వలా తగులుతోందా? చెస్ట్‌నట్లు సరిగ్గా ఉడకలేదు. మళ్లీ గిన్నెలో పోసి, కొంచెం స్టాక్ కలిపి 10 నిమిషాలు ఉడికించి మిక్సీ పట్టండి.
* మరీ ముద్దగా అయ్యిందా? వేడి స్టాక్ కొద్దికొద్దిగా కలపండి. చన్నీళ్లు పోయొద్దు.
* వగరుగా ఉందా? లోపలి పొర మిగిలిపోయింది. వడకట్టి, ఇంకాస్త క్రీమ్ కలిపితే కొంత తగ్గుతుంది.
* పలుచగా ఉందా? మూత తీసి చిన్న మంట మీద కాసేపు మరగనివ్వండి. క్రీమ్ వేయకముందే ఈ పని చేసుకోవాలి.

షుగర్ ఉన్నవాళ్లూ.. ఇది మీకోసమే

‘నట్స్ మంచివి, గుప్పెడు తినండి’ అన్న మాట మనం తరచూ వింటుంటాం. షుగర్ ఉన్న చాలామంది సాయంత్రం పూట బాదం, వాల్‌నట్స్ తీసుకుంటుంటారు. అదే అలవాటుతో చెస్ట్‌నట్ సూప్ రెండు గిన్నెలు లాగించేస్తే లెక్క తప్పుతుంది.

100 గ్రాముల ఉడికిన చెస్ట్‌నట్‌లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అంతే బరువున్న తెల్లటి అన్నంలోనూ దాదాపు అంతే ఉంటుంది. కాల్చినవైతే నీళ్లు తగ్గిపోవడం వల్ల ఇంకా ఎక్కువ.. 50 గ్రాములు దాటుతుంది. మనం చెప్పుకున్న కొలతల ప్రకారం ఒక్కొక్కరి వాటాకి 100 గ్రాముల చెస్ట్‌నట్ వస్తుంది. అంటే ఈ సూప్ ఒక గిన్నె తాగితే చిన్న గిన్నెడు అన్నం తిన్నట్టే. పీచు కొంత ఉంటుంది, విటమిన్ సి కూడా ఉంటుంది. నట్స్‌లో విటమిన్ సి చెప్పుకోదగ్గంతగా ఉండేది అరుదు. ఉడికించినప్పుడు అందులో కొంత పోతుందనుకోండి.

అలాగని షుగర్ ఉన్నవాళ్లు రుచి చూడకూడదని కాదు. సగం గిన్నె తీసుకుని, ఆ పూట అన్నమో, బ్రెడ్డో తగ్గించుకుంటే సరి. పక్కన గుడ్డు, చికెన్, పప్పు లాంటి ప్రొటీన్ ఉంటే ఇంకా మంచిది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు తమ డాక్టర్ చెప్పిన లెక్కలోనే దీన్నీ కలుపుకోవాలి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు కొత్త వంటకం రుచి చూపించాలనుకునే పిల్లలు ఈ విషయం ముందే చెప్పడం మర్చిపోవద్దు. అతిథిగా వచ్చినవాళ్లు ‘నట్ సూపే కదా’ అనుకునే ప్రమాదం ఉంది.

ఎవరు దూరంగా ఉండాలి?

నట్స్ అలర్జీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా తినొద్దు. ఇంకో విషయం చాలామందికి తెలియదు. రబ్బరు గ్లవ్స్‌లో ఉండే లేటెక్స్ పడనివాళ్లలో కొందరికి అరటిపండు, అవకాడో, కివీతో పాటు చెస్ట్‌నట్ కూడా పడదు. ఆసుపత్రుల్లో రోజూ గ్లవ్స్ వాడేవాళ్లు, గ్లవ్స్ వేసుకుంటే చేతులు దద్దుర్లెక్కేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. తిన్న తర్వాత నోరు దురద, పెదాలు వాపు, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

గోధుమ పడనివాళ్లకి మాత్రం శుభవార్త. చెస్ట్‌నట్‌లో గ్లూటెన్ ఉండదు. అయితే రెడీమేడ్ స్టాక్ క్యూబ్స్‌లో ఉండే అవకాశం ఉంది కాబట్టి లేబుల్ చూసుకోండి.

మిగిలితే ఎలా దాచాలి?

చల్లారేకొద్దీ ఈ సూప్ ఇంకా గట్టిపడుతుంది. ఉదయం వండిన గంజి సాయంత్రానికి పేరుకున్నట్టే. పాడైందని పారేయొద్దు. కొంచెం వేడి స్టాక్ కలిపి, చిన్న మంట మీద కలుపుతూ వేడి చేస్తే మళ్లీ మామూలుగా అవుతుంది. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఉంటుంది. ఫ్రీజర్‌లో పెట్టాలనుకుంటే క్రీమ్ కలపకముందే తీసి పెట్టండి. రెండు, మూడు నెలలు బాగుంటుంది. వడ్డించే రోజు క్రీమ్ కలుపుకోవచ్చు. పండక్కి పదిమంది వస్తున్నారంటే ముందు రోజే స్టెప్ 5 దాకా చేసి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

చెస్ట్‌నట్ దొరక్కపోతే?

తెలుగు రాష్ట్రాల్లో పచ్చి చెస్ట్‌నట్లు సులువుగా దొరకవు. దిగుమతి ప్యాకెట్ కొనాలంటే జేబుకి భారమే. అలాంటప్పుడు ఇదే పద్ధతిలో పనస పిక్కలతో ప్రయత్నించొచ్చు. పైనున్న తెల్లటి గట్టి పెచ్చు తీసేసి, కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, గోధుమ రంగు పొర వీలైనంత గీకేసి 400 గ్రాములు తీసుకోండి. మిగతా కొలతలన్నీ అవే. పిక్కల్లో తీపి తక్కువ కాబట్టి క్యారెట్ ఒకటి ఎక్కువ వేసుకోండి. వేసవిలో పనసకాయ కోసినప్పుడు పిక్కలు పారేయకుండా దాచుకుంటే చాలు. సంక్రాంతి సమయంలో అయితే చిలగడదుంప ఉండనే ఉంది. దానితో సూప్ ఇంకా తియ్యగా వస్తుంది కాబట్టి నిమ్మరసం, మిరియాలు కాస్త పెంచాలి. రెండూ అచ్చం చెస్ట్‌నట్ సూప్‌లా ఉంటాయని చెప్పలేం కానీ, అదే తరహా చిక్కదనం ఖాయం. షుగర్ లెక్క మాత్రం వీటికీ వర్తిస్తుంది.

మొదటిసారి చేసేవాళ్లు ప్యాకెట్ చెస్ట్‌నట్‌తో మొదలుపెట్టండి. గంటలోపే సూప్ టేబుల్ మీద ఉంటుంది. రుచి నచ్చిందా.. అప్పుడు పచ్చి కాయలు కొని, ఇంటిల్లిపాదీ కూర్చుని వేడివేడిగా వలవడం మొదలుపెట్టొచ్చు. కాకపోతే ఆ కాయలు దుకాణంలోవి అయి ఉండాలి.. పార్కులోవి కాదు!